41.15, ప్లస్ ఫైవ్, ఎఫ్‌టీఎల్: కాంటూరు గీతలు ఎలా పుడతాయి, ఎక్కడ తడబడతాయి

పోలవరం గురించి ఏ వార్త తీసినా 41.15, 45.72 మీటర్లు అనే రెండు అంకెలు కనిపిస్తాయి. కొల్లేరు సంగతి వస్తే ప్లస్ ఫైవ్, ప్లస్ త్రీ అనే అడుగుల లెక్క. హైదరాబాద్ చెరువుల దగ్గరికి వచ్చేసరికి ఎఫ్‌టీఎల్, అంటే ఫుల్ ట్యాంక్ లెవెల్. మూడు చోట్లా గొడవ ఒకటే. నేల మీద ఎవరి కంటికీ కనిపించని గీత ఒకటి ఊరి మధ్య నుంచో, పొలం మధ్య నుంచో పోతుంది. దానికి ఒక పక్కన ఉన్నవాళ్లకు పరిహారం వస్తుంది లేదా ఇల్లు పోతుంది, రెండో పక్కన ఉన్నవాళ్లకు ఏమీ కాదు. ఆ గీతను ఎవరు, ఎలా, దేన్ని బట్టి గీశారన్నది మాత్రం వార్తల్లో పెద్దగా రాదు.

క్లుప్తంగా: సముద్ర మట్టం నుంచి ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపితే వచ్చేది కాంటూరు. కొన్ని పాయింట్లను కొలిచి, మిగతాది లెక్కగట్టి దాన్ని గీస్తారు. కొండవాలులో కొలత కొంచెం తప్పినా గీత పెద్దగా కదలదు. చదును నేలలో జానెడు తేడా వస్తే వందల మీటర్లు జరుగుతుంది. నిలవ నీటి అంచును కాంటూరు బాగానే చెబుతుంది, పారే వరద అంచును చెప్పలేదు. పోలవరం ముంపు వివాదంలో ఎక్కువ భాగం ఇక్కడి నుంచే పుట్టింది.

## గీత ఎలా పుడుతుంది

వేసవిలో చెరువు నీరు దిగే కొద్దీ గట్టు లోపలివైపు చారలు మిగులుతాయి. ఒక్కో చార నీరు కొన్నాళ్లపాటు నిలిచిన మట్టం. ఆ చార వెంటే చెరువు చుట్టూ నడిచొస్తే ఎక్కడా ఎక్కేది, దిగేది ఉండదు. మ్యాపు మీద కాంటూరు కూడా అంతే. పాఠ్యపుస్తకాల్లో దీన్నే సమోన్నత రేఖ అంటారు. గీతలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటే ఏటవాలు, దూరంగా ఉంటే చదును. గుట్ట చుట్టూ వలయాలుగా మూసుకుంటాయి. వాగును దాటేచోట వంపు తిరుగుతాయి, ఆ వంపు కొస ఎప్పుడూ ఎగువ వైపే చూపిస్తుంది. పాపికొండల మ్యాపులో గీతలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. అదే స్కేలులో డెల్టా షీటు చూస్తే తెల్లకాగితంలా ఉంటుంది.

క్షేత్రంలో పని బెంచ్ మార్క్ దగ్గర మొదలవుతుంది. బెంచ్ మార్క్ అంటే ఎత్తు ముందే కచ్చితంగా తెలిసిన గుర్తు. అది వంతెన మీదో, పాత కట్టడం మీదో, పాతిన రాయి మీదో ఉంటుంది. దాని ఎత్తు 42.300 మీటర్లు అనుకుందాం. సర్వేయర్ లెవెల్ పరికరాన్ని మట్టసంగా నిలబెట్టి, బెంచ్ మార్క్ మీద పెట్టిన స్టాఫ్‌ను (కొలతలు గీసిన నిలువు బద్దను) చూస్తే 1.250 అని కనిపించింది. అంటే పరికరం చూపు మట్టం 43.550. తర్వాత స్టాఫ్‌ను ఒక పొలం గట్టు మీదికి మార్చి చూస్తే 2.400 వచ్చింది. 43.550 లోంచి 2.400 తీసేస్తే 41.150. ఆ గట్టు మీద స్టాఫ్ ఆనిన బిందువు సరిగ్గా 41.15 మీటర్ల కాంటూరు మీద ఉన్నట్టు. ఇంజినీర్లు లెవెల్స్ తీయడం అనేది ఈ పనినే.

అన్ని చోట్లా ఇలా కొలవడం కుదరదు. కొన్ని మీటర్లకు ఒక పాయింటు చొప్పున కొలిచి మధ్యలోది లెక్కేస్తారు. 30 మీటర్ల దూరంలో ఉన్న రెండు పాయింట్ల ఎత్తులు 40.60, 42.10 అనుకుంటే, 41.15 అనే ఎత్తు మొదటి పాయింటు నుంచి 11 మీటర్ల దూరంలో ఉంటుందని లెక్క చెబుతుంది. మధ్యలో నేల ఒకే వాలుతో పోతుందన్న నమ్మకం మీద ఆ లెక్క నిలబడుతుంది. ఆ 30 మీటర్లలో ఒక పంట బోదె ఉన్నా, ఇల్లు కట్టడానికి పోసిన మెరక ఉన్నా గీతకు తెలియదు. ముంపు జాబితాల గురించి వచ్చే ఫిర్యాదుల్లో కొన్నింటికి ఇలాంటి ఖాళీలోనే మూలం ఉండొచ్చు.

గీత తేలాక దాన్ని భూమి రికార్డుల మీదికి ఎక్కించాలి. అక్కడ ఇంకో తిరకాసు ఉంది. రెవెన్యూ వాళ్ల ఎఫ్‌ఎంబీ (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్) స్కెచ్‌లో పొలం కొలతలు, హద్దులు ఉంటాయి. ఎత్తులు ఉండవు. కాంటూరేమో సర్వే నంబర్ల హద్దులను ఖాతరు చేయకుండా మెలికలు తిరుగుతుంది. ఒకే సర్వే నంబరులో ఎకరం కింద, అరెకరం పైన పడటం మామూలే.

## సున్నా ఎక్కడుంది

ఎత్తు అనగానే ఎక్కడి నుంచి అన్న ప్రశ్న వస్తుంది. భారతదేశంలో ఎత్తుల లెక్కకు పునాది 1909లో సర్వే ఆఫ్ ఇండియా ఖరారు చేసిన లెవెలింగ్ నెట్‌వర్క్. కరాచీ నుంచి ఒడిశా తీరంలోని ఫాల్స్ పాయింట్ దాకా తొమ్మిది రేవుల్లో ఏళ్ల తరబడి ఆటుపోట్లను కొలిచి సగటు సముద్ర మట్టాన్ని తేల్చారు. వాటిలో విశాఖపట్నం, మద్రాసు కూడా ఉన్నాయి. రైల్వే స్టేషన్ల పసుపు బోర్డుల మీద ఊరి పేరు కింద కనిపించే ఎత్తు ఆ లెక్కలోదే.

పోలవరం అంకెలు వింతగా కనిపించడానికి కారణం మరీ చిన్నది. ప్రాజెక్టు పాత లెక్కలు అడుగుల్లో ఉన్నాయి. 150 అడుగులను మీటర్లలోకి మారిస్తే 45.72 వస్తుంది, 135 అడుగులను మారిస్తే 41.15. రెండో దశాంశం దాకా రాసేసరికి సెంటీమీటరు తేడా లేకుండా కొలిచారేమో అనిపిస్తుంది గానీ అది మార్పిడిలో వచ్చిన సోకు. కొల్లేరు ఇప్పటికీ అడుగుల్లోనే ఉంది. ప్లస్ ఫైవ్ అంటే సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తు, అంటే 1.52 మీటర్లు.

ఫోన్‌లో జీపీఎస్ చూపించే ఎత్తుతో ముంపును తేల్చుకోవాలని చూసేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. ఉపగ్రహాలు లెక్కించే ఎత్తు సముద్ర మట్టం నుంచి కాదు, భూమికి నున్నటి గణిత ఆకారం ఒకటి ఊహించి దాని మీద నుంచి. హిందూ మహాసముద్రంలో, శ్రీలంకకు దక్షిణాన భూమి గురుత్వాకర్షణ బలహీనంగా ఉండటంతో ఆ చుట్టుపక్కల నిజమైన సముద్ర మట్టం ఈ ఊహా ఆకారం కంటే చాలా కిందికి ఉంటుంది. తెలుగు నేల మీద ఈ తేడా పదుల మీటర్లలో ఉంటుంది. హైదరాబాద్ ప్రాంతంలో 70 మీటర్లు దాటుతుంది. సవరణ చేయని జీపీఎస్ రీడింగును తీసుకుంటే కోనసీమ మొత్తం సముద్రం అడుగున ఉన్నట్టు వస్తుంది. చాలా యాప్‌లు సవరించే చూపిస్తాయి. అలా సవరించినా ఫోన్ ఎత్తులో అయిదు, పది మీటర్ల పొరపాటు సాధారణం. 41.15కు 45.72కు మధ్య ఉన్నదే నాలుగున్నర మీటర్లు కాబట్టి ఫోన్ ఈ తగువు తీర్చలేదు.

## టోపోషీట్‌లో లేని గీతలు

సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 టోపోషీట్లలో కాంటూరు గీతలు గోధుమ రంగులో ఉంటాయి. మామూలుగా 20 మీటర్లకు ఒక గీత, అయిదో గీత కాస్త లావుగా ఉంటుంది. అంటే 40 తర్వాత గీత 60. పోలవరం తగువంతా, 41.15, 45.72తో సహా, ఈ రెండు గీతల మధ్య తెల్లగా ఉన్న చోట జరుగుతోంది. కొల్లేరు ఇంకా విడ్డూరం. ప్లస్ త్రీ, ప్లస్ ఫైవ్, చివరికి ప్లస్ టెన్ కూడా మొదటి 20 మీటర్ల గీతకు ఎంతో కిందే ఉన్నాయి. 10 మీటర్లకు ఒక గీత గీసినా సరస్సు ఎక్కడుందో ఆ గీతలు చెప్పలేవు. దేశం మొత్తానికి గీసిన మ్యాపు దారి వెతుక్కోవడానికి, రోడ్డుకో కాలువకో మొదటి అంచనా వేయడానికి పనికొస్తుంది. పరిహారం పంచడానికి కాదు.

ఉపగ్రహాల ఎత్తుల డేటా ఆ లోటు తీర్చిందని అనుకునేవాళ్లు ఉన్నారు. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక 11 రోజుల్లో రాడార్‌తో భూగోళంలో చాలా భాగాన్ని కొలిచింది. అదే ఎస్ఆర్‌టీఎమ్ డేటా. మన ఇస్రో 2005లో కార్టోశాట్-1ను పంపింది. ఒకే చోటును రెండు కోణాల్లో ఫొటో తీసి ఎత్తు లెక్కగట్టడం దాని పద్ధతి. రెండూ ఉచితంగా, ఇంట్లో కూర్చుని చూసుకునేలా దొరుకుతున్నాయి. కానీ ఎస్ఆర్‌టీఎమ్ లక్ష్యంగా పెట్టుకున్న కచ్చితత్వమే 16 మీటర్లు. చదును నేలలో అది అంతకంటే బాగానే పనిచేస్తుందనుకున్నా పొరపాటు మీటర్లలోనే ఉంటుంది. పైగా ఇవి చూసేది పై ఉపరితలాన్ని. తాడితోపు ఉంటే తాటి మట్టల ఎత్తు, ఊరుంటే ఇళ్ల కప్పుల ఎత్తు నేల ఎత్తులో కలిసిపోతాయి. సోషల్ మీడియాలో తిరిగే ముంపు మ్యాపుల్లో చాలా వరకు ఇలాంటి డేటాకు నీలం రంగు పూసి తయారు చేసినవే.

లైడార్ వేరే తరహా. విమానం నుంచో, డ్రోన్ నుంచో లేజర్ కిరణాలు పంపి, తిరిగొచ్చిన సమయాన్ని బట్టి ఎత్తు కడతారు. ఆకుల సందుల్లోంచి కొన్ని కిరణాలు నేలను తాకి వస్తాయి కాబట్టి చెట్టును, నేలను విడదీయొచ్చు. చదరపు మీటరుకు ఒకటికి మించి పాయింట్లు వస్తాయి. జాగ్రత్తగా చేస్తే పొరపాటు 10 నుంచి 15 సెంటీమీటర్లలో ఉంటుంది. అయితే మామూలు లైడార్ కిరణాలను నీరు మింగేస్తుంది. నిండుగా ఉన్న చెరువు అడుగు, గుర్రపుడెక్క కప్పేసిన కాలువ అడుగు దానికి దొరకవు. అక్కడ పడవ మీద ఎకో సౌండర్‌తో కొలవాల్సిందే.

## కొల్లేరు: రెండడుగుల్లో సగానికి పైగా సరస్సు

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పళ్లెంలాంటి పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు దాన్ని నింపుతాయి. ఉప్పుటేరు సముద్రంలోకి తీసుకుపోతుంది. 1999లో ప్లస్ ఫైవ్ కాంటూరు దాకా, సుమారు 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు. ప్లస్ త్రీ దగ్గర సరస్సు విస్తీర్ణం 135 చదరపు కిలోమీటర్లే. వరద బాగా వచ్చి ప్లస్ టెన్ దాకా పెరిగితే 901 చదరపు కిలోమీటర్లు.

ఈ అంకెలను కాస్త దగ్గరగా చూడాలి. ప్లస్ త్రీకి, ప్లస్ ఫైవ్‌కు మధ్య తేడా 2 అడుగులు, 61 సెంటీమీటర్లు. ఆ కాస్త ఎత్తులో 173 చదరపు కిలోమీటర్లు ఉంది. కొల్లేరును గుండ్రటి సరస్సుగా ఊహించుకుంటే ప్లస్ త్రీ దగ్గర వ్యాసార్ధం ఆరున్నర కిలోమీటర్లు, ప్లస్ ఫైవ్ దగ్గర దాదాపు పది. రెండడుగులు నీరు పెరిగితే ఒడ్డు మూడు కిలోమీటర్లకు పైగా వెనక్కి పోతుంది. ఈ వాలులో లైడార్‌కు మంచి కచ్చితత్వం అనుకునే 15 సెంటీమీటర్ల పొరపాటే గీతను 800 మీటర్లు అటూఇటూ జరపగలదు. కొండ మీద, రెండు మీటర్లకు ఒక మీటరు దిగే వాలులో అదే పొరపాటు గీతను 30 సెంటీమీటర్లే కదుపుతుంది.

అభయారణ్యాన్ని ప్లస్ త్రీకి కుదించాలని 2008లో ఉమ్మడి రాష్ట్ర శాసనసభ తీర్మానం చేసినప్పుడు వచ్చిన తర్కం జిరాయితీ (ప్రైవేటు పట్టా) భూములు, లంక గ్రామాల బతుకుతెరువు. అది న్యాయమైన ప్రశ్నే. కానీ రెండడుగులేగా అన్న మాట మాత్రం లెక్కకు నిలవదు. రెండు గీతల మధ్య పట్టే నీరు ఎంతో కూడా కాంటూరుతోనే తేలుతుంది. 135, 308ల సగటును 61 సెంటీమీటర్లతో గుణిస్తే సుమారు 13.5 కోట్ల ఘనపు మీటర్లు వస్తుంది. మన వాడుకలో దాదాపు 4.8 టీఎంసీలు. బుడమేరు పొంగిన రోజుల్లో ఆ నీటికి చోటు కావాలి. ఇక్కడ లేకపోతే ఇంకెక్కడో వెతుక్కుంటుంది. నీరు పల్లమెరుగు అన్న సామెత పుట్టిందే ఇలాంటి చోట్ల.

ఇలా గీతల మధ్య ఘనపరిమాణం కట్టడం కొత్త విద్య కాదు. 1774లో స్కాట్లాండ్‌లోని షెహాలియన్ కొండ దగ్గర గురుత్వాకర్షణ ప్రయోగం జరిపారు. ఆ కొండ బరువును అంచనా వేయడానికి చార్ల్స్ హట్టన్ అనే గణితజ్ఞుడు సమాన ఎత్తులున్న పాయింట్లను గీతలతో కలిపాడు. ఆయన కొండకు కట్టిన లెక్కనే ఇరిగేషన్ శాఖ రిజర్వాయర్‌కు తిరగేసి కడుతుంది.

కొల్లేరులో ఇంకో చిక్కు కూడా ఉంది. చేపల చెరువు తవ్వితే మట్టి గట్టు మీదికి వస్తుంది. గట్టు ప్లస్ ఫైవ్‌ను దాటిపోతుంది, చెరువు అడుగు ప్లస్ త్రీ కంటే కిందికి దిగుతుంది. ఇప్పటి నేలను కొత్తగా కొలిచి కాంటూరు గీస్తే సరస్సు అంచు బదులు గట్ల చుట్టూ వందలాది చిన్న చిన్న వలయాలు వస్తాయి. 2006లో ప్రభుత్వం గట్లు కొట్టేసినప్పుడూ, తర్వాత మళ్లీ లేచినప్పుడూ నేల ఎత్తులు మారాయి. అందుకే ప్లస్ ఫైవ్ ఎక్కడ అన్న ప్రశ్నకు ఏ ఏడాది నేల మీద అన్నది కూడా కలిపి అడగాలి. హద్దు నోటిఫికేషన్‌తో ఖరారైనాక గట్టు ఎత్తు పెంచినంత మాత్రాన ఆ భూమి అభయారణ్యం బయటికి పోదు.

## చెరువుల ఎఫ్‌టీఎల్ కూడా కాంటూరే

2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడ్డాక హైదరాబాద్‌లో ఎఫ్‌టీఎల్ అనే మాట ఇంటింటి టెన్షన్ అయింది. చెరువు నిండి మత్తడి (అదనపు నీరు పొర్లిపోయే కట్ట) దూకడానికి సిద్ధంగా ఉన్నప్పటి నీటి మట్టం ఎఫ్‌టీఎల్. మత్తడి ఎత్తు ఎంతో, ఆ ఎత్తు కాంటూరు చెరువు చుట్టూ ఎలా పోతుందో అదే ఎఫ్‌టీఎల్ హద్దు. ఉస్మాన్ సాగర్‌కు 1790 అడుగులు, హిమాయత్ సాగర్‌కు 1763.50 అడుగులు. బఫర్ సంగతి వేరు. అది ఎత్తుతో సంబంధం లేకుండా, ఎఫ్‌టీఎల్ గీత నుంచి నేల మీద టేపుతో కొలిచే దూరం. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు. మత్తడిని ఎత్తు చేస్తే గీత బయటికి పోతుంది, పగలగొడితే లోపలికి వస్తుంది. శిఖం భూమిలో (చెరువు నీటి కింద ఉండే నేలలో) లారీల కొద్దీ మట్టి పోస్తే అక్కడి నేల కొత్త కొలతలో ఎఫ్‌టీఎల్ పైన కనిపిస్తుంది. పాత గ్రామ నక్షాలు, పాత టోపోషీట్లు పక్కన పెట్టుకోకుండా నేటి లెవెల్స్ మాత్రమే చూసి తేల్చేస్తే మట్టి పోసినవాడే గెలుస్తాడు.

## పోలవరం: పదిహేనడుగుల మధ్య అరవై వేల కుటుంబాలు

పోలవరంలో స్పిల్‌వే (వరద నీటిని కిందికి వదిలే కట్టడం) మట్టం 25.72 మీటర్లు. దాని మీద 20 మీటర్ల ఎత్తు గేట్లు 48. రెండూ కలిపితే పూర్తి నిల్వ మట్టం 45.72. కాలువల్లోకి నీరు పారాలంటే కనీసం ఉండాల్సిన మట్టం 41.15. పూర్తి నిల్వ 194.6 టీఎంసీలు అయితే, ఈ రెండు మట్టాల మధ్య వాడుకోవడానికి ఉండేది 75 టీఎంసీలకు కాస్త పైన. కొల్లేరు లెక్కనే తిరగేస్తే, నాలుగున్నర మీటర్ల మందంలో 75 టీఎంసీలు పట్టాలంటే నీరు సగటున 465 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకోవాలి. పాపికొండల సందులో అంత చోటు లేదు. ఆ నీరంతా సందు దాటి పైన, వేలేరుపాడు, కుక్కునూరు, వరరామచంద్రపురం, కూనవరం, చింతూరు మండలాల పల్లాల్లో పరుచుకుంటుంది. శబరి వెంట మరింత లోపలికి పోతుంది. డ్యామ్ దగ్గర కొండవాలులో గీత ఎక్కడ పడినా పెద్ద తేడా ఉండదు. తేడా వచ్చేదల్లా మనుషులు ఉండే చోటే. ఊళ్లు, వరి పొలాలు చదును చూసుకునే వెలుస్తాయి కదా.

లెక్కలు మారిన తీరులో ఇది కనిపిస్తుంది. 45.72 దాకా చూస్తే నిర్వాసిత కుటుంబాలు లక్షకు పైగా. 41.15 దాకా అయితే మొదట్లో 20,946 కుటుంబాలని చెప్పారు. లైడార్ సర్వే తర్వాత అదే 41.15 పరిధిలోకి అదనంగా 36 గ్రామాలు, 16,642 కుటుంబాలు వచ్చి చేరాయి. గీత ఎత్తు మారలేదు, డ్యామ్ మారలేదు. కొలిచిన పాయింట్లు పెరిగాయి, అంతే. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 41.15 దాకా మొదటి దశకు మిగిలిన పనుల కోసం రూ.12,157 కోట్లు ఆమోదించింది. ఆ గీతకు పైన, 45.72కు కింద ఉన్న అరవై వేలకు పైగా కుటుంబాలు రెండో దశ కోసం ఎదురుచూడాలి. ఎత్తులో చూస్తే మొదటి దశ గీతకు వాళ్లు గరిష్ఠంగా పదిహేనడుగుల పైన ఉన్నారు, అంతే.

ఎత్తు ఒక్కటే చూస్తే తప్పిపోయే సంగతి ఇంకొకటుంది. ఊరు 43 మీటర్ల మెరక మీద ఉండొచ్చు. ఊరికి వచ్చే రోడ్డు 39 మీటర్ల దగ్గర వాగు దాటుతుండొచ్చు. పొలాలన్నీ 40 మీటర్లకు కిందే ఉండొచ్చు. కాంటూరు ప్రకారం ఇళ్లు మునగవు. బతుకు మాత్రం దీవి మీద మిగులుతుంది. ఇలాంటి ఊరిని మ్యాపులో పట్టుకోవడం కష్టమేమీ కాదు. 41.15 గీత ఊరి చుట్టూ వలయంలా మూసుకుని ఉందా, ఒక పక్క తెరిచి ఉందా అని చూస్తే చాలు. మూసుకుని ఉంటే ఆ ఊరికి నేల దారి లేనట్టే.

## వరద గీతను పట్టించుకోదు

పై లెక్కలన్నీ నీరు కదలకుండా నిలిచి ఉంటుందన్న ఊహ మీద కట్టినవి. కదలని నీటి పైభాగం మట్టసంగా ఉంటుంది కాబట్టి దాని అంచు కాంటూరుతో సరిపోతుంది. పారే నీటికి వాలు ఉండాలి. వాలు లేకపోతే అది పారదు. 1986 ఆగస్టు వరదలో భద్రాచలం దగ్గర గోదావరి సముద్ర మట్టానికి 55.66 మీటర్లకు చేరింది. దిగువన కూనవరం దగ్గర సుమారు 51 మీటర్లు, ధవళేశ్వరం దగ్గర 18.36 మీటర్లు. ఒకే నది, ఒకే వరద. ఏ ఒక్క కాంటూరు గీతా ఆ నీటి అంచును చూపించలేదు. అప్పటికి పోలవరంలో డ్యామ్ లేదు కూడా.

డ్యామ్ వచ్చాక దిగువ కొస ఒక మట్టం దగ్గర ఆగుతుంది. పై నుంచి వచ్చే వరద ఆ నీటి మీద వాలు కట్టుకోవాలి కాబట్టి ఎగువన మట్టం పెరుగుతుంది. దీన్నే బ్యాక్ వాటర్ అంటున్నారు. వరద ఎంతన్నదాన్ని బట్టి, గేట్లు ఎప్పుడు ఎత్తారన్నదాన్ని బట్టి, నది అడుగున ఇసుక మేట ఎంతన్నదాన్ని బట్టి ఆ వాలు మారుతుంది. 1980 నాటి గోదావరి ట్రిబ్యునల్ లెక్కల్లో వరద 36 లక్షల క్యూసెక్కులు. స్పిల్‌వేను డిజైన్ చేసింది 50 లక్షలకు. ఏ వరదకు బ్యాక్ వాటర్ లెక్కగట్టాలన్నదే ఒడిశా, ఛత్తీస్‌గఢ్, తెలంగాణలతో తగువులో కీలకం. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీరు 71.3 అడుగులు తాకినప్పుడు విలీన మండలాల్లో (రాష్ట్ర విభజనప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన ముంపు మండలాల్లో) 41.15 జాబితాలో లేని ఊళ్లూ మునిగాయి. కాంటూరు తప్పుగా గీశారని అక్కడివాళ్లు అన్నారు. గీత సరిగ్గా ఉన్నా ఆ ఊళ్లు మునిగేవే. ఆ గీత నిలవ నీటిది, వచ్చింది వరద. అందులో ప్రకృతి వాటా ఎంత, స్పిల్‌వే వాటా ఎంత అన్నది గేట్ల రోజువారీ లెక్కలతో నమూనా కట్టి తేల్చాల్సిన విషయం.

71.3 అడుగులు సముద్ర మట్టం నుంచి కొలిచింది కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. భద్రాచలం గేజీకి దాని సున్నా దానికుంది. అది సముద్ర మట్టానికి సుమారు 107 అడుగుల ఎత్తున ఉంటుంది. గేజీ మీద 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 43కు 107 కలిపితే 150 అడుగులు, అంటే సరిగ్గా పోలవరం పూర్తి నిల్వ మట్టం. మొదటి దశ మట్టం 135 అడుగులు గనక గేజీ మీద అది 28 అవుతుంది. రిజర్వాయర్ 41.15 దగ్గర ఉన్నంత వరకు, వరద లేని రోజున భద్రాచలానికి ఇబ్బందేమీ కనిపించదు. 45.72 దాకా నింపితే మాత్రం ఎండ కాస్తున్న రోజున కూడా గేజీ మొదటి హెచ్చరిక దగ్గరే నిలబడుతుంది. వరదకు ముందే గేట్లెత్తి మట్టం దించుకోవచ్చు, స్పిల్‌వే మట్టం 25.72 కాబట్టి దానికి వీలుంది. ఎంత ముందు, ఎంత దించాలన్నది నిర్వహణ నియమాల్లో ఉండాలి.

భద్రాచలానికి అసలు చిక్కు నది వైపు కంటే లోపలి వైపు ఎక్కువ. గోదావరి ఎత్తుగా ఉన్నప్పుడు కరకట్ట తూములు మూసేస్తారు. అప్పుడు ఊళ్లో పడిన వాన నీటిని మోటార్లతో తోడిపోయాల్సి వస్తుంది. కిన్నెరసాని, దానిలో కలిసే ముర్రేడు లాంటి వాగుల్లో కూడా నీరు గోదావరిలోకి పోయే దారి లేక పొలాల మీదికి తన్నుతుంది. ఏ వాగు ఏ మట్టం దగ్గర వెనక్కి తన్నడం మొదలుపెడుతుందో తెలియాలంటే తూముల అడుగు మట్టం, వాగు గట్ల మట్టం, వాగు చుట్టూ పొలాల కాంటూర్లు, మూడూ ఒకే బెంచ్ మార్క్ నుంచి కొలిచి పక్కపక్కన పెట్టాలి. తెలంగాణ అడుగుతూ వస్తున్న ఉమ్మడి సర్వే ప్రధానంగా ఈ కొలతల కోసమే.